పన్నెండో చెంబు

మా అత్తకు వేలం అనే మాట పడదు. ఆమె పుట్టింది నగరి దగ్గర, మగ్గాల ఇంట్లో. కుదువ పెట్టిన నగలు విడిపించుకోలేని వాళ్ల సంగతి ఊరంతా ఎట్లా చెప్పుకునేదో ఆమెకు బాగా గుర్తు. "వేలానికొచ్చేది చెడిపోయినోళ్ల సామాను మే," అనేది నాతో. నేనేమో ఏడేళ్లు ఆ వేలం మీదే బతికాను.

తిరుపతిలో మా ఇంటి ముందు గది నిండా పాత ఇత్తడి సామానే. జనం ఇళ్లలోకి స్టీలు వచ్చాక అటకెక్కిన బిందెలు, చెంబులు, గుండిగలు ఒక్కొక్కటే పాత సామాను అంగళ్లకు చేరాయి. అక్కడి నుంచి కరిగించడానికి పోతాయి. నేను చిత్తూరు, పుత్తూరు, నగరి తిరిగి, ఆ కుప్పల్లో మంచివి ఏరి తూకానికి కొనుక్కొస్తాను. తుడిచి, ఫోటో తీసి, ఇంటర్నెట్‌లో వేలం వేసే ఒక పెద్ద సైటులో పెట్టేదాన్ని. ఒక్కో సామానుకు ఏడు రోజుల పాట. గడువు ముగిసే క్షణానికి ఎవరి పాట పైన ఉంటే సామాను వాళ్లది.

ఏడు రోజుల్లో ఆరు రోజులు ఏమీ జరగదు. ఉన్న ప్రాణమంతా చివరి నిమిషంలోనే. కొనేవాళ్లు ముదుర్లు. ముందే పాడితే ధర పెరుగుతుందని దాక్కుని, ఆఖరి పది సెకన్లలో మీద పడతారు. ఆ పది సెకన్లు నేను ఫోను మీంచి కళ్లు ఎత్తేదాన్ని కాదు. పొయ్యి మీద పాలు పొంగిపోతే పోనీ. అయిపోగానే వంటింట్లోంచి అత్త "పోయిందా?" అనేది. అమ్ముడైందా అని ఆమె ఒక్కసారీ అడగలేదు. నేను కట్టే పెట్టెల మీద చెయ్యి కూడా వేసేది కాదు.

ఆ సైటుతో నాకు చెడింది ఒక గుండిగ దగ్గర. యాభై మందికి అన్నం వండే గుండిగ అది, అంచు మీద లతలు. దాన్ని పుత్తూరు నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఆ వారం పాడినవాడు ఒక్కడే. కరిగించేవాడు ఇచ్చే ధర కంటే తక్కువకు పోయింది. అదీ మింగేదాన్నే. చేరిన వారానికి వాడు సొట్ట ఉందని ఫిర్యాదు పెట్టాడు. ఆ సొట్ట నేను ఫోటో తీసి, దాని కింద రాసి మరీ పెట్టాను. సైటు వాళ్లు డబ్బు వాడికి తిరిగి ఇచ్చేసి గుండిగను కూడా వాడి దగ్గరే ఉంచుకోమన్నారు. నేను నాలుగు ఉత్తరాలు రాశాను. నాలుగింటికీ ఒకే జవాబు, అక్షరం తేడా లేకుండా. మనిషి రాసింది కాదని చూస్తేనే తెలుస్తోంది.

నాకు కోపం వస్తే ముందూ వెనకా కనబడదు, ఒప్పుకుంటాను. ఖాతా మూసెయ్యమని నొక్కాను. ఏడేళ్లుగా కొన్నవాళ్లు ఇచ్చిన నక్షత్రాలు, రాసిన మంచి మాటలు అన్నీ పోతాయి, మళ్లీ రావు, ఖాయమా అని సైటు అడిగింది. "ఖాయమే, పో!" అని పైకే అని మళ్లీ నొక్కాను. నక్షత్రాలు పోయాయి. అప్పుడు భయం వేసింది.

మా ఆయన శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. కంపెనీ బస్సు దిగి, చెప్పులు కూడా విడవకముందే చెప్పేశాను.

"ఎలకల మీద కోపంతో ఇల్లు తగలేసుకున్నట్టుండాది నీ యవ్వారం," అన్నాడు. "ఇప్పుడేం చేస్తావు?"

"నా అంగడి నేను పెట్టుకుంటా. నా సైటు. నా సామాను ధర నేను చెప్తా."

ఆయన కాళ్లు కడుక్కుని వచ్చి, "దీపావళి దాకా చూస్తా," అన్నాడు. "అప్పటికి నిలబడితే సరే. లేదంటే ఈ గదిలోదంతా తూకానికి ఇచ్చేస్తాము. మా ప్యాకింగు సెక్షన్లో ఆడోళ్లను తీసుకుంటా ఉండారు. తెల్లారి ఐదు గంటల బస్సుకు నువ్వూ రావాల. ఇద్దరు పిల్లోళ్ల ఫీజులకు నా జీతం ఒక్కటే చాలదు."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అందుకే నాకు ఇంకా మండింది. ఏడేళ్లు కూడబెట్టిన సామానును మళ్లీ ఆ కరిగించే కుప్పలోకే నా చేత్తో ఎత్తిపొయ్యాలా అని ఆ రాత్రంతా గొణుక్కున్నాను.

వీడియోలు చూసి నేనే సైటు కట్టుకున్నాను. ఎండాకాలమంతా దానికే పోయింది. తెరిచాక మూడు వారాలు బోణీ కూడా కాలేదు. వచ్చి చూసి వెళ్లేవాళ్లు ఉన్నారు, అది నాకు కనబడుతోంది. కొనేవాళ్లే లేరు. ఫోటోలు మార్చాను, రంగులు మార్చాను, అక్షరాల సైజు మార్చాను. రోజుకు నూరుసార్లు ఫోను తెరిచి చూసేదాన్ని. ఒక మధ్యాహ్నం అత్త పక్కన కూచుని, కళ్లద్దాలు పెట్టుకుని, ఒక బిందె ధర చూసింది.

"ఇంత చెప్పినావేం మే?"

"బేరమాడతారు గదా అత్తా. సగానికి దిగినా మనకు గిట్టాల."

ఆమె ఫోను అటూ ఇటూ తిప్పింది. "బేరమాడాలంటే యాడ నొక్కాల?"

నేను ఫోను లాక్కుని చూశాను. నొక్కడానికి ఎక్కడా ఏమీ లేదు. ఏడేళ్లు ధర పాడేవాళ్లకే వదిలేసిన దాన్ని, ధర చెప్పాల్సి వచ్చేసరికి మా ఊరి గాంధీ రోడ్డు అంగడిలో చెప్పినట్టు రెండింతలు చెప్పి కూచున్నాను. వచ్చినవాళ్లు బేరమాడే దారి లేక వెనక్కి పోతున్నారు. ఆ సాయంత్రమే ధరలన్నీ దించాను. రెండు రోజులకు మొదటి దీపం కుందె అమ్ముడుపోయింది, హైదరాబాదుకు. తర్వాత వారానికి ఒకటి, రెండు. మా ఆయన వేళ్ల మీద లెక్కేసి పెదవి విరిచేవాడు.

వినాయక చవితి పోయాక ఆ ఆర్డరు వచ్చింది. ఆస్ట్రేలియాలో సముద్రపు ఒడ్డున చిన్న భోజనశాల నడిపే ఆవిడ. బల్లల మీద నీళ్లు పెట్టడానికి ఇత్తడి చెంబులు కావాలట. ఒకే ఎత్తు, సన్నని మెడ, పన్నెండు. పదకొండైతే వద్దు, ఆమె బల్లలు పన్నెండు. నచ్చితే ఏటా కొంటానని కూడా రాసింది. నేను ఆ ఉత్తరం మూడుసార్లు చదివి, ఉన్నాయని రాసేశాను. నా దగ్గర అప్పటికి ఉన్నవి ఆరు.

నాలుగు రోజులు బస్సుల మీదే తిరిగాను. పుత్తూరులో రెండు దొరికాయి, చిత్తూరులో రెండు, నగరిలో ఒకటి. పదకొండు. పన్నెండోది ఎక్కడా లేదు. ఒక అంగడాయన, "నిన్న రాకూడదా అమ్మా, నిన్ననే బండికెత్తినాము," అన్నాడు. నాకు అక్కడే ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి పదకొండూ వరసగా పెట్టుకుని కూచున్నాను. అత్త లోపలికి వెళ్లి తన చెంబు తెచ్చింది. ఆమె రోజూ నీళ్లు తాగే చెంబు. పెళ్లినాడు ఆమె అమ్మ ఇచ్చింది. మెడ కింద చుక్కలు చుక్కలుగా ఆ అమ్మ పేరు కొట్టించి ఉంటుంది. పదకొండింటి పక్కన పెట్టింది. ఎత్తు సరిపోయింది.

"వద్దత్తా," అన్నాను.

"అంగడి పెట్టినావు గదా. అంగట్లో కొరత పడితే ఇంట్లోది తీసి పెట్టరా?"

"వద్దు, అది నీ అమ్మ ఇచ్చింది."

"మా అమ్మ ఇచ్చింది నాకు. నేను ఇస్తా ఉండేది నీకు."

వద్దని రెండుసార్లు అన్నాను. మూడోసారి అనలేదు. ఆ మూడోసారి నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ రోజు అత్త మొదటిసారి నా పెట్టె దగ్గర కూచుంది. "నువ్వు పో, కాగితాలు రాసుకో, నేను చుడతా," అంది. చెంబుల్లో, చెంబుల చుట్టూ కాగితం కూరే పని ఆమె చేసింది. నేను పక్క గదిలో ఎగుమతి ఫారం నింపాను. పెట్టెలో ఏమేమి ఉన్నాయి అన్నచోట పాత ఇత్తడి చెంబులు పన్నెండు అని, ఇంకేమైనా ఉన్నాయా అన్నచోట లేవు అని రాసి సంతకం పెట్టాను. అది పెరటాసి శనివారం, తమిళులు వెంకన్నకు మొక్కులు తీర్చుకునే నెల. ఊరంతా పసుపుబట్టల తమిళ భక్తులే, రోడ్డు మీద ఆటో కదలదు. పెట్టెను ఒళ్లో పెట్టుకుని కొరియరు ఆఫీసుకు చేరేసరికి చెమటతో తడిసిపోయాను. అయినా సంతోషంగానే ఉన్నాను.

తొమ్మిదో రోజు కబురొచ్చింది. పెట్టెను ఆ దేశపు తనిఖీ కేంద్రంలో ఆపేశారు. కారణం, చెప్పకుండా పంపిన గింజలు. నాకు అర్థం కాలేదు. ఇంకెవరి పెట్టెనో నాదనుకున్నారని తిట్టుకుంటూ కింద ఉన్న ఫోటో తెరిచాను. తెల్లకాగితం పరిచిన బల్ల మీద నా పన్నెండు చెంబులు, నోళ్లు తెరుచుకుని. ఒక్కోదాని ముందు చిన్న పసుపు కుప్ప. పసుపు కలిపిన బియ్యం. పిడికెడు, పిడికెడు, పన్నెండు కుప్పలు.

కింద రాసింది చదివాను. గింజలు, విత్తనాలు ఆ దేశంలోకి రానివ్వరు. కొన్నావిడ పూచీ పడి రుసుము కడితే, బియ్యం తీసేసి చెంబులు శుభ్రం చేసి ఇస్తారు. పద్నాలుగు రోజుల్లో ఆమె ఏమీ చెప్పకపోతే అన్నిటినీ ధ్వంసం చేస్తారు. ధ్వంసం అనే మాట దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. ఆ పన్నెండింటిలో అత్త చెంబు ఏదో ఆ ఫోటోలో తెలుస్తోంది.

"అత్తా!"

నా అరుపుకు ఆమె చేతిలో చేటతో వచ్చింది. ఫోటో చూపించాను.

"చెంబుల్లో బియ్యం పోసినావా?"

"పోసినా. ఖాళీ చెంబు ఎట్ల పంపేది?"

"ఏడేళ్ల నుంచి పంపలేదా? అప్పుడెప్పుడైనా పోసినావా?"

"అది వేలంలో పోయింది మే. పోయినదానికి ఏం పోస్తారు? ఇది మనం ఇస్తా ఉండాము. చెయ్యెత్తి ఇచ్చేటప్పుడు ఖాళీ గిన్నె ఇస్తామా ఎవురికైనా? పక్కింటికి గిన్నె తిరిగిచ్చేటప్పుడే ఇంత చక్కెరో పప్పో ఏసిస్తాము. ఆడబిడ్డను పంపిస్తే ఒడి నింపమా?"

ఆమె ఎంత నిదానంగా చెప్పిందో నాకు అంత ఒళ్లు మండింది. ఆమె కళ్లు ఆ ఫోటోలో తన చెంబు మీదే ఉన్నాయి, చూశాను. చూసి కూడా ఆగలేదు. "నీ పిడికెడు బియ్యం నా నోట్లో మన్ను కొట్టింది," అన్నాను. "నా సంతకం అబద్ధమైంది. నా అంగడి మునిగింది. ఇంక నా సామాను తాకొద్దు."

ఆమె చేట తీసుకుని లోపలికి వెళ్లింది. ఆ రోజు నుంచి ముందు గదిలోకి రాలేదు. నీళ్లు స్టీలు గ్లాసులో తాగింది. ఆ గ్లాసు నేల మీద పెట్టిన చప్పుడు వినబడినప్పుడల్లా నేను తల తిప్పుకునేదాన్ని.

కొన్నావిడకు నేనే రాయాలి. వేలం సైటులో అయితే ఇట్లాంటివాటికి అచ్చు మాటలు ఉండేవి, ఒకటి ఎంచుకుని నొక్కితే సరిపోయేది. ఇక్కడ నాకూ ఆమెకూ మధ్య ఎవరూ లేరు. మా ఆయన సలహా చెప్పాడు: "తేమ లాగేదానికి బియ్యం వేసినామని రాయి. ఫోన్లు తడిస్తే బియ్యంలో పెట్టరా? నమ్మతారు." నమ్ముతారనే నాకూ అనిపించింది. తేమ కోసమని రాయడం మొదలుపెట్టాను. గడప అవతల నుంచి అత్త అడిగింది, ఆ వారంలో నాతో అన్న మొదటి మాట.

"ఏమని రాస్తా ఉండావు?"

చెప్పాను.

"నేను తప్పు చేసినా అని రాయి. దాచిపెట్టినామని మాత్రం రాయొద్దు. నేను దాచలేదు."

రాసినదంతా చెరిపేశాను. ఉన్నది ఉన్నట్టు రాశాను. మా అత్త వేసిందని, మా వైపు పాత్ర ఖాళీగా ఇవ్వరని, మీ దేశం నియమం మాకు తెలియదని, అది తెలుసుకోవాల్సిన పని నాదేనని. పేరు కొట్టి ఉన్న చెంబు ఆమె సొంతమని కూడా రాశాను. పంపేశాను.

ఒక రోజు పోయింది. రెండు, మూడు, నాలుగు. జవాబు లేదు. ఐదో రోజు పేమెంట్ కంపెనీ నుంచి ఉత్తరం, సరుకు చేరేదాకా ఆ ఆర్డరు డబ్బు ఆపి ఉంచుతామని. ఏడో రోజు మా ఆయన ఫ్యాక్టరీ ఫారం తెచ్చి టీవీ పక్కన పెట్టాడు. నా పేరు, వయసు ఆయనే నింపాడు, సంతకం చోటు వదిలేశాడు. దీపావళికి పది రోజులు ఉంది. మరునాడు పాత సామాను అంగడాయన వచ్చాడు, మా ఆయనే రమ్మన్నాడట. గదిలో నిలబడి ఒక బిందెను వేలితో కొట్టి చప్పుడు విన్నాడు. "మంచి సామానే అమ్మా. కానీ కరిగితే అన్నీ ఒకటే," అన్నాడు.

అంగడాయన పోయాక ఫారం తీసుకుని సంతకం పెట్టి మళ్లీ టీవీ పక్కనే పెట్టాను. సోమవారం మా ఆయన దాన్ని ఫ్యాక్టరీకి తీసుకెళ్లాలి.

ఆదివారం పొద్దున దోసె పిండి కలుపుతుంటే ఫోను మోగింది. పిండి చేత్తోనే తెరిచాను. ఆవిడే. మెత్తటి మాట ఒక్కటి లేదు. తనిఖీ రుసుము తాను కట్టిందట, దాంట్లో సగం నేను భరించాలట. ఇంకోసారి గింజ కనబడితే నా దగ్గర కొననంది. నిజం రాసినందుకే కట్టానంది, తనిఖీ ఆఫీసులో నా ఉత్తరం చూపించిందట. వచ్చే నెలకు, బయట కొత్తగా వేసే బల్లలకు, ఇంకో ఎనిమిది చెంబులు కావాలంది, ఖాళీవి. ఖాళీవి అన్న మాట కింద గీత గీసింది. చివర్లో ఒక ఫోటో.

నేను పరుగెత్తాను. "అత్తా, వచ్చేసినాయి, చేరినాయి!" ఆమె పడమటి వాకిట్లో కూచుని ఉంది. ఫోను అందుకోలేదు. "నీ సామాను తాకొద్దన్నావు గదా," అంది.

అక్కడే, పిండి చేతులతోనే కింద కూచున్నాను. "తప్పైపోయింది అత్తా. నా నోరు పడిపోను. నువ్వు చెంబిచ్చినావు, నేను తిట్లు ఇచ్చినా."

"నోరు పడిపోతే అంగడెట్ల నడుపుతావు, ఏడుపాపు," అని కళ్లద్దాలు వెతుక్కుంది.

ఫోటోలో బల్లలు, కిటికీ అవతల సముద్రం. ఒక్కో బల్ల మీద ఒక్కో చెంబు. దగ్గరగా ఉన్నది అత్తదే, చుక్కల పేరు ఇటు తిరిగి ఉంది. ఆమె వేళ్లతో బొమ్మను పెద్దది చేసింది. పేరు చూస్తుందనుకున్నాను. పేరు చూడలేదు, చెంబు నోరు చూసింది.

"నీళ్లు పోసుండారు," అంది. కాసేపటికి మళ్లీ అంది, "అంచుదాకా పోసుండారు."

సోమవారం మా ఆయన బస్సుకు పోతూ ఫారం కోసం టీవీ పక్కన తడిమాడు. "ఆడ పెట్టిన కాగితమేది?" అని అడిగాడు.

"బిందెలో కూరినా," అంది అత్త. "హైదరాబాదు పోయే బిందెలో. చుట్టేదానికి కాగితం చాలలేదు."

ఆయన మా ఇద్దరి మొహాలూ చూసి చెప్పులేసుకున్నాడు.

ఎనిమిది చెంబులు దీపావళి ముందు రోజుకు సమకూరాయి. ఈసారి ఇంట్లోది తీయనివ్వలేదు. పెట్టె తెరిచి పెట్టుకుని, అత్త ఏం చేస్తుందోనని చూస్తూ కూచున్నాను. బియ్యం డబ్బా జోలికి పోలేదు. ఒక్కో చెంబూ కొళాయి కిందికి తీసుకుపోయింది. అంచుదాకా నీళ్లు పట్టి, ఒక్క క్షణం అట్లాగే రెండు చేతులా పట్టుకుని, మల్లెచెట్టు మొదట్లో ఒంపింది. పాత చీర ముక్కతో లోపలా బయటా తుడిచి నాకు అందించింది. ఎనిమిదీ అంతే.

"నిండింది ఒంపి ఇస్తా ఉండా," అంది. "ఖాళీది ఇయ్యలేదు. మీ ఆఫీసరు అడిగితే చెప్పు."

ఎగుమతి ఫారం తీశాను. చెంబులు ఎనిమిది. ఇంకేమైనా ఉన్నాయా అన్నచోట పెన్ను ఆగింది. లేచి వెళ్లి ఎనిమిదింటిలోనూ చెయ్యి పెట్టి అడుగుదాకా తడిమి చూశాను. ఒకదాంట్లో అత్త నింపిన నీళ్ల తడి కొంచెం తగిలింది. ఆ ఒక్కదాన్నీ ఇంకోసారి తుడవకుండానే కాగితంలో చుట్టి, లేవు అని రాసి సంతకం పెట్టాను.